మైనపు ముక్కు

ఇంతకీ ఆ పిల్లకు ముక్కు వస్తుందా రాదా, తేల్చి చెప్పవయ్యా అని వారం నుంచి కనబడ్డవాళ్లంతా నన్ను నిలదీస్తున్నారు. ఆ అడగడంలో జాలి ఎంతో, వేడుక ఎంతో వాళ్లకే తెలియాలి. ముందే చెబుతున్నాను, ముక్కు అతికి, సంసారం అతికి, చివర్లో అందరూ నవ్వుకునే కథ కావాలనుకున్నవాళ్లు ఈ పేజీ తిప్పేసుకోవచ్చు. నాకేం కోపం లేదు.

కొత్తగా చదివేవాళ్లకు నాలుగు మాటలు. అండాలు మోత్కూరు దగ్గరి ఒక పల్లెలో గొల్లల కోడలు. మొగుడు ఎల్లేశం మందను తోలుకొని దేవరకొండ దిక్కు మేపుకు పోయిన రోజుల్లో, దొర గడీలో వడ్లు దంచడానికి ఆమెను వెట్టికి పిలిచారు. పిలిస్తే రానని చెప్పే ధైర్యం ఆ నిజాం రాజ్యంలో ఏ గొల్లకు ఉంది? పోయింది, పొద్దుగుంకినాక వచ్చింది. ఊరు చెవులు కొరుక్కుంది. తిరిగొచ్చిన ఎల్లేశం గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరతో పెళ్లాం ముక్కు కోశాడు. గడీలో ఉన్నవాళ్ల ముక్కు వైపు కన్నెత్తి చూసే గుండె అతనికి లేదు. ఇంట్లో ఉన్న ముక్కు చేతికి అందింది, అంతే.

కుల పంచాయతి కూర్చుంది. పెద్దగొల్ల మారయ్య తీర్పు చెప్పాడు. "దవాఖానల ముక్కు పెడ్తరంటున్నవ్ గద, పో. మునుపటి మొఖంతోటి రా, నీ బిడ్డను నీకు ఇప్పిస్త. లేకుంటె పిల్ల నీ అత్తగారోళ్లదే." మూడేండ్ల లింగి అప్పటికే తల్లిని చూసి కెవ్వున అరిచి, నాయనమ్మ గోపమ్మ కొంగు చాటుకు పోయింది. మారయ్య అన్న ఆ ఒక్క మాట పట్టుకొని అండాలు తన తల్లి సత్తమ్మతో నల్గొండ మిషను దవాఖానకు వచ్చి చేరింది. కిందటి వారం మనం ఆమెను అక్కడ మంచం మీద వదిలిపెట్టాం.

చేరిన నాటి నుంచి ఆమెను కత్తి ముట్టలేదు. ముందు తిండి పెట్టారు. పొద్దున కోడిగుడ్డు, పాలు, మాపటికి పప్పు. ఒంట్లో నెత్తురు లేని మనిషికి కోత పెడితే అతికించింది అతకదని దవాఖాన నర్సమ్మ చెప్పింది. కొడుకు తిన్నాక, మొగుడు తిన్నాక, కుక్కకు వేశాక మిగిలింది తినే అలవాటున్న సత్తమ్మకు ఇది వింతగా ఉండింది. "ముక్కు కోపిచ్చుకుంటె గని ఆడదానికి గుడ్డు దొరుకది!" అని ఆమె అంటే పక్క మంచాల వాళ్లు నవ్వారు. ఆ నవ్వులో చేదు నాకు ఇప్పటికీ నోట్లో ఉంది.

చుట్ట కూడా మాన్పించారు. గొర్రెల కాడ చలికి అండాలుకు అది చిన్నప్పటి నుంచీ అలవాటు. చుట్ట తాగేవాళ్లకు కొత్త తోలు నల్లబడి రాలిపోతుందని నర్సమ్మ బెదిరించింది. అండాలు ఆ రోజే చుట్టల మూట తల్లి చేతికిచ్చి, "నువ్వు గూడ నా ముంగట తాగకే అమ్మా, మనసు గుంజుతది" అన్నది. అప్పటి నుంచి సత్తమ్మ ప్రహరీ గోడ అవతలికి పోయి, దొంగలాగా అటూ ఇటూ చూసి తాగి వచ్చేది.

చివరికి ఒక పొద్దున దొరసాని డాక్టరు ఆమెను కిటికీ దగ్గర బల్ల మీద కూర్చోబెట్టింది. సముద్రాలు దాటి వచ్చిన మనిషి, తల నెరిసింది. తెలుగు ఎవరో పంతులు దగ్గర పుస్తకం ముందు పెట్టుకొని నేర్చుకున్నది. నోరు తెరిస్తే పురాణం చదివినట్టుంటుంది. నర్సమ్మ పక్కనే నిలబడి అవసరమైన చోట ఊరి మాటలోకి దించుతుంది.

దొరసాని వేడినీళ్లలో మెత్తబడిన మైనం ముద్ద తీసి, అండాలు ముఖం మీద ఆ గుంట దగ్గర పెట్టి, వేళ్లతో నొక్కుతూ, గీకుతూ, తల వంచి చూస్తూ చాలాసేపు ముక్కు చేసింది. తరువాత అద్దం ఇచ్చింది. ఆ కత్తెర నాటి నుంచి అండాలు అద్దం చూడలేదు. గొర్రెల తొట్టిలో నీళ్లు కదలకుండా ఉంటే అటు పోవడం కూడా మానేసింది. ఇప్పుడు ఎత్తింది. అందులో ముక్కున్న ఆడమనిషి కనబడింది. తెల్లగా, మైనంగా ఉంటే ఉండనీ, అది ముక్కే.

సత్తమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అచ్చం నీదే బిడ్డా! మా అమ్మ ముక్కు గిట్లనే ఉండె. గిదే పెట్టుండ్రి దొరసానమ్మా, గింతకంటె ఏం అడుగం."

అండాలు మాట్లాడలేదు. పెదవులు కదిలితే మైనం ఊడిపోతుందని భయం. కళ్ల నుంచి నీళ్లు కారి ఆ కొత్త ముక్కు పక్క నుంచి దిగుతున్నాయి.

దొరసాని మెల్లగా మైనం తీసేసింది. "అమ్మా, దీనిని చూచి ఆశ పెంచుకొనవలదు. మైనము నా చేతి మాట వినును. చర్మము వినదు. నేను నీకొక ముక్కును ఇచ్చెదను. నీ ముక్కును ఇయ్యజాలను."

"అంటే?" అన్నది సత్తమ్మ.

"అంటే మునుపటిది రాదు పెద్దమ్మా," అన్నది నర్సమ్మ. "నొసటి తోలు కోసి, కిందికి మలిపి ముక్కు కడ్తరు. నొసటి మీద మచ్చ పడ్తది, సచ్చేదాక పోదు. ముక్కు జర లావుగ ఉంటది. చలికాలం నల్లబడ్తది. ముక్కుపుల్ల కుట్టియ్యరాదు."

దొరసాని ఏదీ దాచలేదు. మూడు వారాల దాకా నొసటి నుంచి ముక్కు దాకా మెలితిరిగిన తోలు పట్టీ ఒకటి ముఖం నడుమ వేలాడుతుందని, దాని గుండానే కొత్త ముక్కుకు నెత్తురు అందుతుందని, అతికిందని తేలాక మళ్లీ మత్తుమందు ఇచ్చి దాన్ని కోస్తారని చెప్పింది. ఆ మూడు వారాలు ముఖం ఇప్పటికన్నా భయంకరంగా ఉంటుందట. తరువాత ముక్కు రంధ్రాల కోసం ఇంకొక కోత. ఇంత చేసినా తోలు పట్టకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది. పట్టినా, ముక్కు మీద ఈగ వాలితే చాలాకాలం నుదుటి మీద వాలినట్టే అనిపిస్తుంది. ఈ మాటకు అండాలు ఉలిక్కిపడి తన నుదురు తడుముకుంది.

"ఊపిరాడుతదా?" అని అడిగింది. ముక్కు లేని గొంతు గాలిగా, బొంగురుగా వచ్చింది. మాట్లాడినప్పుడల్లా ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది.

"ఆడును. మాట కూడ కొంత బాగుపడును. జనులు నిన్ను చూచినప్పుడు ముక్కున్నదనుకొందురు. ఆగి మరల చూచినచో తెలిసిపోవును."

"నా బిడ్డ జూస్తె?"

దొరసాని కిటికీలోంచి బయటికి చూసింది. "పిల్లల సంగతి నేనెరుగను తల్లీ. ఎరుగనిది చెప్పను."

నాకు ఆ ముసలామె మీద అప్పుడు పట్టరాని కోపం వచ్చింది. ఒక్క అబద్ధం చెబితే ఆమె దేవుడేమైనా కళ్లు పొడుస్తాడా? కానీ ఆలోచిస్తే, అండాలుతో ఆ ఊళ్లో, ఆ ఇంట్లో, ఆ పంచాయతిలో నిజం చెప్పిన మొదటి మనిషి ఆమే.

తరువాత మైనాన్ని పలుచగా నొక్కి, ముక్కు కొలతకు కత్తిరించి, దాన్ని తలకిందులుగా అండాలు నుదుటి మీద పరిచి, చుట్టూ ఊదారంగు సిరాతో గీత గీసింది. గీసి ఆగిపోయింది. గీత నడుమన, నొసటి మధ్యలో, పచ్చబొట్టు ఉంది. చిన్నప్పుడు పచ్చబొట్లామె సూదులతో పొడిచిన గుండ్రని బొట్టు. చెమటకు పోదు, స్నానానికి పోదు.

"ఇది ముక్కు మీదికి వచ్చును," అన్నది దొరసాని.

"ముక్కు మీద బొట్టా!" సత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఊరంత నవ్వదా దొరసానమ్మా? గిదెక్కడి ఖర్మ!"

వేరే దారి ఉంది. తోలును ఏటవాలుగా, ఒక పక్కకు కోస్తే బొట్టు ఉన్నచోటే ఉంటుంది. కానీ అండాలు నుదురు చిన్నది. ఏటవాలుగా పోతే గీత కణత పక్కన వెంట్రుకలు మొలిచే జాగా దాకా పోతుంది. అప్పుడు ముక్కు కొనకు వెంట్రుకలు మొలుస్తాయి. పీకినా, గొరిగినా మళ్లీ వస్తూనే ఉంటాయి. నడుమ నుంచి కోస్తేనే ముక్కు చక్కగా కుదురుతుందని, తన సలహా అదేనని దొరసాని చెప్పింది.

అండాలు చూపుడు వేలు తన బొట్టు మీద పెట్టుకుంది. లింగి పాలు తాగుతూ ఆ బొట్టు మీద వేలు పెట్టేది. పాలు మానినాక కూడా అంతే. నిద్ర వచ్చిందంటే తల్లి నుదురు వెతుక్కునేది. బొట్టు దొరికితే గాని కన్ను మూసేది కాదు. చీకట్లో తల్లిని పోల్చుకునేది దానితోనే.

"పక్కకెల్లి కొయ్యుండ్రి," అన్నది అండాలు. "బొట్టు ఉండనియ్యుండ్రి. వెంట్రుకలొస్తె గొరుగుకుంట. మంది నవ్వితె నవ్వుతరు. నా బిడ్డకు ఏలు పెట్టుకునే జాగా ఉండాలె."

దొరసాని తడిగుడ్డతో సిరా తుడిచి, మళ్లీ ఏటవాలుగా గీసింది. మర్నాడే కోత అన్నారు. రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు.

ఆ మర్నాడు పొద్దున, ఇంకా మత్తుమందు గదికి తీసుకుపోకముందే, అత్త గోపమ్మ దిగింది. ఎడ్లబండి దవాఖాన గేటు బయట ఆపించి, పెద్దగొల్ల మారయ్యను ముందు నడిపించుకుంటూ నేరుగా మంచం దగ్గరికి వచ్చింది. మారయ్య భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. గోపమ్మ చేతిలో కోడలికని ఒక అరటిపండు కూడా లేదు.

"ఏం వదినే, బాగున్నవా?" అన్నది సత్తమ్మతో, పెళ్లికి వచ్చినట్టు.

"మీ దయ," అన్నది సత్తమ్మ.

సిరా గీతలతో ఉన్న అండాలు నుదురు చూసి మారయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దొరసాని రాగానే గోపమ్మ మారయ్యను మోచేత్తో పొడిచింది.

"ఒక్క మాట అడుగుత దొరసానమ్మా," అన్నాడు మారయ్య. "మా కులపోళ్లం ఒక మాట అనుకున్నం. గీ పిల్లకు మునుపటి మొఖం వస్తదా, రాదా? వస్తదంటె పిల్లను ఇప్పిస్త. రాదంటె లేదు. మీరు సదువుకున్నోళ్లు, అబద్దమాడరు. అందుకే మీ నోటి నుంచి ఇందమని వచ్చిన."

ఆ తీర్పు ఎంత నికృష్టమైనదో అప్పుడు దొరసానికి అర్థమైంది. ఇచ్చేది లేదని ముఖం మీద చెప్పే ధైర్యం లేక, ఎన్నటికీ తీరని షరతు పెట్టి, న్యాయం చెప్పామని మీసం దువ్వుకున్నారు. ఇప్పుడు ఆ నిజాయితీపరురాలి నోటితోనే పిల్లను శాశ్వతంగా గుంజుకుపోదామని వచ్చారు.

నర్సమ్మ దొరసాని వైపు చూసింది. "వస్తదని అందాం" అని ఆ చూపు. దొరసాని పెదవులు తడుపుకుంది. వయసు మీదపడినాక మొదటిసారి అబద్ధం ఆడాలా అని ఆమె తడబడుతున్నట్టే ఉంది.

"రాదు," అన్నది అండాలు.

"బిడ్డా!" అన్నది సత్తమ్మ.

"రాదు మారయ్య మామా. దొరసానమ్మను ఎందుకు సతాయిస్తరు? నిన్ననే నాకు అంత చెప్పింది. నీ కొలువుల కూసోని అడిగితివి గద, మునుపటి మొఖం తెమ్మని. దాన్ని కోసినోన్ని అడిగినవా, మునుపటి చెయ్యి తెమ్మని? నా రెండు చేతులు మంచం కోడుకు అదిమి పట్టినామె గీడనే ఉన్నది. ఆమెనన్న అడిగినవా?"

మారయ్య కర్ర నేల మీద చప్పుడైంది. గోపమ్మ ఎర్రబడింది. "ఇన్నవా మారయ్యా! రాదని దాని నోటితోనే అన్నది. ఇంక మాటలెందుకు? పిల్లను గూడ తెచ్చిన, బండ్ల ఉన్నది. తోలుకొస్త. గీ మొఖం సూసి ఒర్లుతదో లేదో నీ కండ్లతోనే సూడు. పిల్లను బెదిరిచ్చి సంపమంటవా?"

అండాలు చేయి కొంగు మీదికి పోయింది. కానీ ముఖం మీదికి లాగుకోలేదు.

"మొఖం రాకుంటె రాకపాయె," అన్నది. "గీ బొట్టున్నది. గిది పోకుంట జూడమని ముక్కుకు వెంట్రుకలు మొలిపిచ్చుకుంటున్న. నా బిడ్డ కండ్లు మూసుకోని దీని మీద ఏలు పెడ్తె సాలు, నన్ను గుర్తువడ్తది. ఒక్క రాత్రి నా పక్కల పండనియ్యి అత్తా. నీ కాళ్లు మొక్కుత. ఒక్క రాత్రి."

గోపమ్మ కూడా తల్లే. ఒక్క క్షణం ముఖం మెత్తబడింది. కానీ మారయ్య తన వైపు చూస్తున్నాడని గమనించి మళ్లీ గట్టిపడింది.

"గా బొట్టు సంగతి ఇడిసిపెట్టు. పిల్ల నొసలు నొసలని రాత్రంత ఏడ్సి పానం తీసింది. ఏం జెయ్యాలె? నా ముడుతల మొఖం దానికి పనికిరాకపాయె. పోయిన నెల ఎల్లేశానికి అచ్చంపేట దిక్కు నుంచి ఇంకొక పిల్లను చేసుకొచ్చినం. పేరు నర్సింగమ్మ. పచ్చబొట్లామెను పిలిచి, నీకు ఉన్నకాడనే, గంతే బొట్టు దానికి పొడిపిచ్చిన. ఇప్పుడు పిల్ల దాని పక్కలనే పంటది. దాని నొసటి మీదనే ఏలు పెట్టుకుంటది. దాన్నే అమ్మా అంటాంది."

సత్తమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. నర్సమ్మ ఆమెను పట్టుకుంది. మొగుడు మారుమనువు చేసుకున్నాడన్న మాటకు అండాలు ముఖంలో ఏ మార్పూ లేదు. బొట్టు మాట దగ్గర మాత్రం ఆమె రెండు చేతులతో కడుపు పట్టుకొని ముందుకు వంగింది. ఆ వంగిన మనిషి మళ్లీ నిటారుగా అవడానికి చాలాసేపు పట్టింది.

లేచి కూర్చొని, కొంగు కొనను ఉమ్మితో తడిపి, నుదుటి మీది ఏటవాలు గీతలను దానితో రుద్దింది. సిరా చెదిరి నుదురంతా ఊదారంగైంది.

"దొరసానమ్మా, నిన్న నువ్వు ముందుగాల గీసినట్టే గియ్యి. నడిమికెల్లి కొయ్యి. బొట్టు ముక్కు మీదికే రానియ్యి."

"ఆలోచించుకొంటివా తల్లీ? మరల మార్చుటకు వీలుపడదు."

"మార్చమనను." అండాలు అత్త వైపు తిరిగింది. ముక్కు లేని ఆ ముఖం మీద నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు నేను ఇంకెవరి ముఖం మీదా చూడకూడదని కోరుకుంటున్నాను. "నాకు ఉన్నకాడనే దానికి పొడిపిచ్చినవ్ గద అత్తా. మంచిగ చేసినవ్. ఇంక నాకు ముక్కు మీద ఉంటది. దానికి గూడ గాడనే కావాల్నంటె, ముందుగాల దాని ముక్కు కోపియ్యాలె. చేతులు పట్టుడు నీకు ఎర్కే గద. కత్తెర ఇంట్లనే ఉన్నది."

గోపమ్మ చూపు కోడలి మీద లేదు, తలుపు మీద ఉంది. అందరూ అటు తిరిగారు.

తలుపు దగ్గర పద్దెనిమిదేండ్ల పిల్ల నిలబడి ఉంది. చంకలో లింగి నిద్రపోతోంది. ఎండకు బండిలో పిల్లకు చెమటలు పడుతున్నాయని లోపలికి తెచ్చినట్టుంది. నుదుటి మీద బొట్టు చుట్టూ ఇంకా వాపు దిగలేదు. ఆమె ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఎవరికీ తెలియదు. ఖాళీగా ఉన్న చేయి తన ముక్కు మీద పెట్టుకొని ఉంది.

"అత్తా," అన్నది నర్సింగమ్మ. "గామె ముక్కు మందల పొట్టేలు కుమ్మితె పోయిందంటివి గద నాతోని?"

గోపమ్మ తలుపు మీది చూపు తిప్పుకుంది. నర్సింగమ్మ మారయ్య వైపు చూసింది. కులానికి పెద్ద, న్యాయం చెప్పే మనిషి, గొంగడి సర్దుకుంటూ నేల చూశాడు. ఆ పిల్లకు అంతకన్నా జవాబు అక్కరలేకపోయింది.

"మా నాయినకు గూడ గట్లనే చెప్పిండ్రు," అన్నది నెమ్మదిగా, తనలో తాను. తరువాత మంచం దగ్గరికి వచ్చింది. గోపమ్మ "ఏయ్, ఆగు!" అని చేయి చాపితే, ఆ చేయిని చూసి జంకి, దాన్ని తప్పించుకొని మరీ వచ్చింది.

లింగికి మెలకువ వచ్చింది. నర్సింగమ్మ పిల్లను చంకలోంచి దించి, అండాలు మోకాళ్ల ముందు నేల మీద నిలబెట్టింది.

"సూడు బిడ్డా," అన్నది. "నేను గాదు. గామె మీ అమ్మ."

పిల్ల కళ్లు నులుముకొని తల ఎత్తింది. కోసిన ఆ ముఖాన్ని, ఊదారంగు పూసిన ఆ నుదురును రెప్ప వేయకుండా చూసింది. అండాలు కొంగు అడ్డం పెట్టుకోలేదు.

లింగి నోరు తెరిచింది.